దులపని చీర

పటమటలో చేపల మార్కెట్టు వెనక సందులో పొద్దున్నే పంపు దగ్గర ఆడవాళ్ళు బిందెలతో బారు తీరేవారు. గంగారత్నం మాత్రం బిందెతోపాటు ముందురోజు నాటకంలో కట్టిన చీర కూడా తెచ్చుకునేది. తన వంతు రాగానే బిందె పంపు కింద పెట్టి, అది నిండేలోగా చీరను రెండు చేతులా పట్టుకుని గట్టిగా దులిపేది. చీరలోంచి నవ్వులు జలజలా రాలిపడేవి.

పొలం గట్ల మీద నడిచొస్తే కుచ్చిళ్ళకు ఉత్తరేణి గింజలు అంటుకుని వస్తాయి చూడండి, అలాగే ఆమె చీరకు నాటకం చూసిన జనం నవ్వులు అంటుకుని వచ్చేవి. దులిపితే ఒక్కసారి వినపడి, అంతటితో సరి. కంకిపాడు రైతుల నవ్వు ఆలస్యంగా మొదలై, మొదలయ్యాక ఓ పట్టాన వదిలేది కాదు. భవానీపురం గుమస్తాల నవ్వు పక్కన ఆఫీసరు కూర్చున్నట్టు లోపల్లోపలే ఉండేది. గుడివాడవాళ్ళది మరీ మోట. ఇల్లు అద్దెకిచ్చిన పద్మావతమ్మగారికి దాంతోనే పేచీ.

"రత్నం, ఆ గుడివాడ వాళ్ళని మా గుమ్మం ముందు దులపకమ్మా. పసివాడు ఉలిక్కిపడి లేస్తున్నాడు."

"అలాగేనండీ," అని గంగారత్నం కాలవ వైపు తిరిగి దులిపేది.

సందులో ఎవరికి నలతగా ఉన్నా, ఏ ఇంట్లో మొగుడూ పెళ్ళాం మాటలు మానేసినా, కరివేపాకు రెబ్బ అడిగినంత తేలిగ్గా వచ్చి అడిగేవారు. "ఇవాళ మా ఇంట్లో దులిపిపోరాదూ, మా అత్తగారు పథ్యం తినలేక విసుక్కుంటోంది," అనేవారు. గంగారత్నం వెళ్ళి దులిపి వచ్చేది. పక్క వాటాలో ఉండే కుల్సుం ఆమెకు నాటకాల జాకెట్లు కుట్టిపెట్టేది. కుల్సుం మొగుడు నవాబ్‌కి సైకిలు షాపు. వాళ్ళ పిల్లలకు చల్ది అన్నంతోపాటు ఈ నవ్వులు కూడా అలవాటే.

ఇంతమందిని నవ్వించే మనిషి తాను నవ్వగా మాత్రం సందులో ఎవరూ చూడలేదు. హాస్యం చేసేవాళ్ళకి స్టేజీ మీద నవ్వొచ్చిందా, నాటకం పోయినట్టే. ఆ బిగపట్టడం అలవాటై ఇంట్లోనూ ఉండిపోయింది.

ఆమె పుట్టింది దివిసీమలో, సముద్రపు ఒడ్డున ఒక పల్లెపాలెంలో. కట్టుకున్నవాడు పెద్ద పడవ మీద కాకినాడ వైపు పోయి మళ్ళీ రాలేదు. మునిగాడో, అక్కడే ఇంకో కాపురం పెట్టాడో ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళు చూసి, గంగారత్నం చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని బెజవాడ చేరింది. ఒకరోజు మార్కెట్లో ఆమె బేరం ఆడుతుంటే వెంకటసుబ్బారావుగారు విన్నాడు. ఆయన కరెంటాఫీసులో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు నాటక సమాజం నడిపేవాడు. కొరమేను కొనడానికి వచ్చినవాడు కొరమేను సంగతి మర్చిపోయి, "అమ్మా, ఈ మాటలే స్టేజీ మీద అంటావా?" అని అడిగాడు.

ఆ రోజుల్లో సమాజాల్లో అందరూ మగవాళ్ళే. ఆడవేషాలకు లేడీ ఆర్టిస్టుల్ని ఊళ్ళనుంచి పిలిపించుకునేవారు. హీరోయిన్‌కి ఇంటిదగ్గరికి రిక్షా, రిహార్సల్సు, కూర్చోడానికి కుర్చీ. గయ్యాళి అత్తకి ఇవేవీ లేవు. "నీకు రిహార్సలు దేనికమ్మా, నోరుందిగా," అనేవారు.  గంగారత్నానికి నిజంగానే అక్కర్లేదు. అత్త వేషం ఇచ్చిన రోజునే ఆమె తన తల్లి రత్తమ్మని తెచ్చి స్టేజీ మీద నిలబెట్టేసింది.

రత్తమ్మ ఎవరినైనా తిట్టబోయే ముందు నోట్లో చుట్ట తీసి చెవి మీద పెట్టుకునేది. ఒక చెయ్యి నడుముకి ఆనించి, ఒక కన్ను మూసి ఎదుటివాణ్ణి కొరమేను తూకం వేసినట్టు చూసేది. అప్పుడు మొదలుపెట్టేది. గంగారత్నం స్టేజీ మీద చుట్ట తీసి చెవి మీద పెట్టుకునేసరికి జనం గోల. ఇక ఆమె నోరు విప్పక్కర్లేదు. గుంటూరు, తెనాలి, ఏలూరు, ఎక్కడ ఏ సమాజం ఏ నాటకం వేసినా, అత్తగారి పేరు ఏదైనా, వచ్చేది మాత్రం రత్తమ్మే.

మద్రాసు నుంచి రెండుసార్లు కబురొచ్చింది. ఒక సినిమాలో పెళ్ళిపందిట్లో లడ్డూలు కొంగులో దాచుకునే ముసలమ్మ వేషం. రెండో సినిమాలో ఆమె వీపు మాత్రమే కనపడింది. అయినా సందు సందంతా గాంధీనగరం హాలుకి కట్టగట్టుకుని వెళ్ళి, ఆ వీపు రాగానే ఈలలు వేసి వచ్చింది.

డెబ్బై నాలుగులో గంగమ్మ జాతరకి పల్లెపాలెం వాళ్ళు వెంకటసుబ్బారావుగారి నాటకం పిలిపించుకున్నారు.  గంగారత్నం ఇన్నాళ్ళూ ఎక్కడెక్కడో ఆడింది, ఇప్పుడు తల్లి ముందే తల్లిని ఆడాలి. ఒంట్లో బాలేదని తప్పించుకుందామనుకుంది. కానీ ఆ ఊరి అమ్మాయని చెప్పే ఈ నాటకం కుదుర్చుకున్నారు, వెళ్ళక తప్పలేదు.

చుట్ట చెవి మీదకి వెళ్ళగానే ఇసుకలో కూర్చున్న జనంలోంచి ఎవరో, "ఓరి, మన రత్తమ్మరోయ్!" అని అరిచారు. అంతే, ఊరంతా విరగబడింది. గంగారత్నం డైలాగు తప్పకుండా, ముందు వరసలో చాప మీద కూర్చున్న తల్లి వైపు చూసింది. రత్తమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. భుజాలు కూడా కదల్లేదు. నాటకం అయిపోగానే లేచి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. సమాజం లారీ అప్పటికప్పుడే వేరే ఊరికి బయల్దేరింది.

ఊరందరి ముందూ అమ్మ పరువు తీశాననుకుంది గంగారత్నం.  ఆ చీర దులపలేదు. దులిపితే అందులో అందరి నవ్వూ ఉండి, అమ్మది లేకపోతే? మడిచి పెట్టె అడుగున పెట్టేసింది. తర్వాత ఊరు వెళ్ళినప్పుడల్లా రత్తమ్మ చేపల పులుసు పెట్టింది, మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పింది, నాటకం ఊసు మాత్రం ఎత్తలేదు. బెజవాడంతా హడలెత్తించే గంగారత్నానికి తల్లిని ఆ ఒక్క మాట అడగడానికి నోరు రాలేదు.

డెబ్బై ఏడు నవంబరులో తుఫాను వచ్చింది. అప్పుడు గంగారత్నం అనంతపురంలో నాటక పరిషత్తు పోటీల్లో ఉంది. ఉత్తమ హాస్యనటి అని కప్పు ఇచ్చారు. ఆ కప్పు సంచిలో వేసుకునే, బస్సులు వెళ్ళినంత దూరం బస్సులో, ఆ తర్వాత నడిచి ఊరు చేరింది. ఊరు లేదు. ఇసుక ఎవరో చాటతో చెరిగి పరిచినట్టు చదునుగా ఉంది. తల్లి లేదు, పెద్ద తమ్ముడు లేడు, చిన్న తమ్ముడు ఎల్లారావు పెళ్ళాం కొండలమ్మ లేదు. ఎల్లారావు మాత్రం తాటిచెట్టు పట్టుకుని మిగిలాడు. ఒక బడి వరండాలో గోడ వైపు తిరిగి పడుకుని కనపడ్డాడు. గుండెల మీద చర్మం లేదు.

గంగారత్నం అతన్ని పటమట తీసుకొచ్చింది. ఆమె ఏడుస్తుందని సందంతా ఎదురుచూసింది. ఆమె కూడా ఎదురుచూసింది. ఏడుపు రాలేదు. వేడి అన్నంలో చెయ్యి పెట్టినా వేడి తెలిసేది కాదు. ఎవరు పలకరించినా ఆ మాట గోనెపట్టా అవతలనుంచి వచ్చినట్టుండేది. పొద్దున్నే బిందె, పంపు, బియ్యం కడగడం, చెయ్యాల్సినవన్నీ చేసేది.

నెల తిరక్కుండానే వెంకటసుబ్బారావుగారు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి గొడుగు ఇటూ అటూ తిప్పాడు.

"రత్నమ్మా, అడగడానికి నాకే సిగ్గుగా ఉంది. తుఫాను బాధితుల కోసం నాటకం వేస్తున్నాం. జనం మీరుంటేనే వస్తారు. మీరు వద్దంటే మాత్రం..."

"ఏం వేషమండీ?"

"అదేనమ్మా. అత్తగారు."

"ఎన్నింటికి రమ్మంటారు?"

వెళ్ళింది. చుట్ట తీసి చెవి మీద పెట్టుకుంది, నడుముకి చెయ్యి ఆనించింది, ఒక కన్ను మూసింది. పోయిన మనిషిని అలా నిలబెడుతున్నా లోపల ఏమీ కాలేదు. మొహం బండరాయిలా ఉంది. ఆ బండమొహం చూసి జనానికి ఇంకా నవ్వొచ్చింది. ఇంత బాగా ఆమె ఎప్పుడూ చెయ్యలేదని వెంకటసుబ్బారావుగారే అన్నాడు. అని, వెంటనే తల దించుకున్నాడు. ఈ సంగతి మద్రాసు దాకా పాకి, పెద్ద వేషం ఉందని ఒకాయన కబురు తెచ్చాడు. గంగారత్నం వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. ఆయన మజ్జిగ తాగి కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారే, సరిగ్గా అదీ ఆమె బతుకు.

ఇంట్లో ఎల్లారావు తినడం మానేశాడు. గుండెల మీద పుండ్లు మానాయి, మనిషి మాత్రం కోలుకోలేదు. గోడ వైపు తిరిగి బల్ల మీద పడుకునేవాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. కుల్సుం జావ కాచి తెచ్చి పట్టబోతే పళ్ళు బిగించేవాడు. గంగారత్నం సహాయ నాటకంలో కట్టిన చీర తెచ్చి అతని మీద దులిపింది. అంత పెద్ద హాలు నవ్వూ వీపు మీద పడ్డా అతను దుప్పటి చెవుల మీదికి లాక్కున్నాడు తప్ప ఇటు తిరగలేదు. డాక్టరు వచ్చి చూసి, "మందులకేం లేదమ్మా. తింటే బతుకుతాడు, లేకపోతే లేదు," అని చెప్పి వెళ్ళాడు.

ఆ మాట విన్నాక కుల్సుం ఊరుకోలేదు. బియ్యం ఏరుతున్న గంగారత్నం ఎదురుగా వచ్చి కూర్చుంది.

"అక్కా, ఆ చీర తియ్యి."

"ఏ చీర?"

"నాకు తెలీదనుకోకు. మీ ఊళ్ళో ఆడినప్పటిది, పెట్టె అడుగున ఉన్నది. ఊరివాళ్ళ నవ్వులు ఎల్లారావుకేం చేస్తాయి? అతనివాళ్ళవి కావాలి."

గంగారత్నం బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. "దులిపితే అయిపోతుంది కుల్సుం. మళ్ళీ వినపడదు. ఆ ఊరు మిగిలింది ఆ చీరలోనే."

"పోయిన ఊరి కోసం ఉన్నవాణ్ణి పోగొట్టుకుంటావా?"

గంగారత్నం చేట పక్కన పెట్టింది. తర్వాత మూడేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట చెప్పింది. "అందులో అమ్మ లేకపోతే?"

"లేకపోతే లేదు. తమ్ముడున్నాడుగా," అంది కుల్సుం. ఆమె ఏ మాటనీ నానబెట్టే మనిషి కాదు.

శుక్రవారం మధ్యాహ్నం నవాబ్ మసీదుకి వెళ్ళాడు, సందు సద్దుమణిగింది. గంగారత్నం పెట్టె తీసింది. చీర తడిసిన వలంత బరువుగా ఉంది. కుల్సుం గుమ్మంలో నిలబడింది. గంగారత్నం తమ్ముడి బల్ల పక్కన నిలబడి, రెండు కొసలూ పట్టుకుని దులిపింది.

ఇసుక మీద కూర్చున్న ఊరు ఊరంతా ఆ గదిలోకి వచ్చిపడింది. అట్లు పోసి అమ్మే దానమ్మ నవ్వు వచ్చింది, వెక్కిళ్ళతో సహా. పడవలకి చెక్కలు బిగించే కాశీరావు నవ్వు దగ్గులోకి దిగి మళ్ళీ నవ్వులోకి తేలింది. పిల్లలవి గుప్పెళ్ళకొద్దీ రాలాయి. ఎవరెవరివో గుర్తుపట్టేలోపే అయిపోతున్నాయి. గంగారత్నం దులుపుతూనే ఉంది. చివర్లో కుచ్చిళ్ళలోంచి కొండలమ్మ నవ్వు వచ్చింది. గలగలమంటూ పైకి లేచి, లేచినట్టే లేచి, "అమ్మో!" అని పుటుక్కున తెగిపోయింది.

అక్కడితో సరి. చీర తేలికైంది. గంగారత్నం అంచులు విదిలించి చూసింది, కొంగు చూసింది, మడతలు విప్పి చూసింది. ఇంకేమీ లేదు. అమ్మ నవ్వలేదన్నమాట. మూడేళ్ళు భయపడిన సంగతి ఇంత తేలిగ్గా తేలిపోయింది. ఇప్పుడు కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు. ఇంతటి సంగతికి కూడా ఏమీ అనిపించలేదే అని మాత్రం భయం వేసింది. చీర పట్టుకుని అలాగే నిలబడింది.

"అమ్మ గిల్లింది."

మాట గోడ వైపు నుంచి వచ్చింది. తుఫాను తర్వాత ఎల్లారావు నోరు విప్పడం అదే మొదలు. గొంతు బొంగురుగా ఉంది.

"ఎవర్నిరా?"

"కొండల్ని. తొడ మీద గట్టిగా గిల్లింది. అందుకే అలా ఆగిపోయింది."

"ఎందుకు?"

ఎల్లారావు మెల్లగా ఇటు తిరిగాడు. "పెద్దన్న వేటకెళ్ళాడుగా ఆ రోజు. జాతర పూట వద్దంటే విన్నాడా? ఊళ్ళో పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి, మనదొక్కటే నీళ్ళమీదుంది. మనింటి ఆడాళ్ళు నవ్వొచ్చా మరి?"

గంగారత్నం బల్ల అంచున కూర్చుండిపోయింది. పడవ నీళ్ళ మీద ఉంటే ఆ ఇంటి ఆడది నవ్వకూడదు, జుట్టు విరబోసుకోకూడదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూసిన ఆనవాయితీ అది. పటమటలో వలలూ లేవు, పడవలూ లేవు. పంపు నీళ్ళు తాగీ తాగీ ఆ సంగతి మర్చేపోయింది.

"మరి అమ్మ?"

"కొంగు నోట్లో కుక్కుకుంది. సగం కొంగు లోపలికి పోయింది. నేను పక్కనే ఉన్నా, ఊపిరాడక చస్తదేమోనని భయమేసింది. నాటకం అవ్వగానే ఇంటికి పరిగెత్తి తలుపేసుకుంది. పొద్దెక్కాక పెద్దన్న పడవ వచ్చింది. ఇంకా తాడు కట్టలేదక్కా, అమ్మ ఇసకలో కూలబడి మొదలెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు. 'చుట్ట నేనట్టాగే పెడతానంట్రా చెవి మీద?' అంటది, నవ్వుతది. గాలి సోకిందనుకుని పెద్దన్న వేపమండలు తెమ్మన్నాడు."

"నాకెందుకు చెప్పలేదురా? అన్నిసార్లు వచ్చానుగా!"

"చెప్పొద్దంది. దానికి తెలిస్తే తల పొగరెక్కి సరిగ్గా చెయ్యదు, నాకు కోపమొచ్చిందనుకుంటేనే ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తది అంది." ఎల్లారావు మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నాడు. "నువ్వు చేసినట్టే చేసి చూపించింది మాకు. ఇదిగో, ఇట్టా."

బల్ల మీద ఉన్న వేపపుల్ల తీసి చెవి మీద పెట్టుకున్నాడు. ఒక కన్ను మూయబోతే రెండూ మూసుకుపోయాయి. నడుముకి చెయ్యి ఆనించబోయి బల్ల మీంచి ఒరిగి, అక్క భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అక్క తల్లిని అనుకరిస్తే, తల్లి అక్కని అనుకరిస్తే, ఆ తల్లిని ఇతను అనుకరిస్తున్నాడు. ముగ్గురిలో ఎవరూ పోల్చుకునేలా లేరు. ఇంత నాసిరకం హాస్యం గంగారత్నం తన జన్మలో చూడలేదు.

ఆమెకు నవ్వొచ్చింది. ముందు గొంతులో ఏదో గీసుకున్నట్టు వచ్చి, తర్వాత పొట్టలోంచి తన్నుకుని వచ్చింది. గుమ్మంలో ఉన్న కుల్సుం అది ఎవరి నవ్వో పోల్చుకోలేక సందులోకి తొంగిచూసింది. నవ్వు వెళ్ళి ఎల్లారావు భుజం మీది తువ్వాలుకి అంటుకుంది. గంగారత్నం అది అంటుకోవడం చూసింది. ఏడుపు మాత్రం ఆ రోజూ రాలేదు. అది వచ్చేటప్పుడు వస్తుందిలే అనుకుంది.

సాయంత్రం కుల్సుం జావ తెస్తే ఎల్లారావు తాగాడు. ఉప్పు చాల్లేదని కూడా అన్నాడు. కుల్సుం చేటంత మొహంతో ఉప్పు తేవడానికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున గంగారత్నం పంపు దగ్గర ఉతకడానికి మాసిన బట్టలు పట్టుకెళ్ళింది. తమ్ముడి తువ్వాలు తీసి, అలవాటుగా దులపడానికి చేతులు ఎత్తింది.

"అక్కా, అది దులపకు."

ఎల్లారావు గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు.  అన్నాళ్ళ తర్వాత అతను గడప దాకా రావడం చూసి పంపు దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు వదిలేసి ఇటు తిరిగారు.

"మాసి మట్టి కొట్టుకుపోయింది కదరా."

"ఉండనీ. వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తా."

"ఎక్కడికి?"

"ఒడ్డుకి. ఎప్పటికైనా ఇల్లు కట్టుకోవాలిగా." కాస్త ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "అక్కడిప్పుడు ఎవరూ లేరక్కా. ముందు ఇల్లు కట్టి, పడవ ఒడ్డెక్కించి, అప్పుడు లోపల దులుపుతా."

గంగారత్నం చేతులు దించింది. తువ్వాలును జాగ్రత్తగా మడతపెట్టి, తీసుకెళ్ళి తమ్ముడి భుజం మీద వేసింది.